నేను కొట్టేసిన రెండు వాక్యాలు

మా అక్కను ఆసుపత్రిలో అందరూ స్కేలమ్మ అంటారు. మనిషి స్కేలులా ఉంటుందని కాదు, చూస్తే నవ్వొచ్చేంత పొట్టిది. ఇరవై ఆరేళ్లుగా ఆ ఆసుపత్రి గుడ్డల గదిలో కూర్చుని దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదిలో కప్పే ఆకుపచ్చ గుడ్డలు కుట్టింది. గీత గీయదు, గుర్తు పెట్టదు, టేపు ముట్టదు. దుప్పటి కొస మిషన్ ఫుట్ కింద పెట్టి పెడల్ తొక్కిందంటే ఆ చివరిదాకా కుట్టు ఒక్క పోగు కూడా అటూ ఇటూ జరగదు. కొత్తగా వచ్చిన స్టోరు గుమాస్తా ఒకాయన నమ్మక, నిజంగానే స్కేలు తెచ్చి కొలిచాడట. పేరు అప్పుడు పడింది.

నాకూ ఒక పేరుంది. కత్తెర. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో నేను మెకానిక్‌ని. రెండు వందల మిషన్లు వరసగా మోగుతుంటే ఏ మూల ఏది మొరాయించిందో చెవితోనే పట్టేస్తాను. అది కాక, కుట్టుమిషన్లు బాగుచేసుకునేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఒక వేదిక ఉంది. ఎవరైనా వచ్చి ప్రశ్న అడగవచ్చు, తెలిసినవాళ్లు జవాబు చెబుతారు. అక్కడ ప్రశ్నలు సరిచూసి, అక్కర్లేని మాటలు కత్తిరించి, అర్థం కానివాటిని మూసేసే పని పదేళ్లుగా నాది. జీతం లేదు కానీ అధికారం బోలెడు. నా కత్తిరింపులు చూసి అక్కడివాళ్లు పెట్టిన పేరే కత్తెర. పైకి విసుక్కున్నా లోపల నాకది బిరుదులాగే ఉండేది.

ప్రశ్న ఎలా అడగాలో చెప్పే పేజీ కూడా నేనే రాశాను. ఏ మిషనో చెప్పండి, ఏం చేస్తుంటే ఏం జరిగిందో చెప్పండి, ఇంతవరకూ ఏమేం చేసి చూశారో చెప్పండి. పలకరింపులు వద్దు, ధన్యవాదాలు వద్దు, మీ ఇంటి సంగతులు అసలే వద్దు. అందరినీ ‘అండీ’ అనే పిలవండి. జవాబు దొరికాక దాని పక్కన పచ్చ గుర్తు పెట్టండి, తరువాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది. ఆ చివరిది ఆరో నియమం. ఇప్పుడు చదివినా వాటిలో నాకు తప్పు కనపడదు. ‘మిషన్ పోయింది, ఎవరైనా చెప్పండి’ అని రాసి చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లను చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మిషన్ ఎక్కడికి పోయింది నాయనా, ఊరికి పోయిందా?

నాకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. అక్కకు అప్పుడు పద్దెనిమిది. ఆ మరుసటి వారమే కుట్టు నేర్చుకోవడానికి చేరింది. నా స్కూలు చొక్కాలు, నిక్కర్లు అన్నీ ఆమె చేతి కుట్టే. పెళ్లెందుకు చేసుకోలేదే అని ఎవరైనా అడిగితే, కుట్టు మధ్యలో లేవకూడదండీ అని నవ్వేసేది. మిషన్ ముందు నన్ను మొదట కూర్చోబెట్టిందీ ఆమే. “సూదిని చూస్తూ కూర్చోకు రా. చూపు ముందొచ్చే గుడ్డ మీద ఉండాలి. అంచుని కంటి కొసతో పట్టుకో” అనేది. నాకు ఎన్నాళ్లకూ పట్టుబడలేదు. కుట్టడం రాక, విప్పి బిగించడం నేర్చుకున్నాను.

నేను ఉద్యోగం కోసం వేరే ఊరు వచ్చాక, మిషన్‌కు ఏ చిన్న ఇబ్బంది వచ్చినా ఫోన్ చేసేది. చేసేది కానీ మిషన్ సంగతి ఎక్కడ చెప్పేది! మొదట గుడ్డల గదిలో ఇస్త్రీ చేసే ఆవిడ కూతురి పరీక్షలు, ఆ తరువాత సూపర్‌వైజరమ్మ కొత్త చెప్పులు చేసే చప్పుడు, ఆపైన నా జలుబు. ఇవన్నీ అయ్యాక, “అదేంటోరా, దారం మాటిమాటికీ తెగుతోంది” అనేది. ఇక్కడ నేను విప్పిన మిషన్ ముందు గ్రీజు చేతులతో, చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని నిలబడి ఉండేవాణ్ణి.

ఒకరోజు విసిగిపోయి అనేశాను. “అక్కా, ఇలా సాగదీస్తే ఎలా? మా వేదికలో ప్రశ్న పెట్టు. నాకు తీరిక దొరికినప్పుడు చూస్తాను. నేను కాకపోతే ఇంకొకరు చెబుతారు.”

“నాకు అవన్నీ ఎక్కడొచ్చురా?”

“నేర్చుకుంటే వస్తాయి. నియమాలు చదువు, అలాగే రాయి.”

“సరేలే, నీ పని చెడగొడుతున్నాను” అని పెట్టేసింది.

ఆ రాత్రి ఈ సంగతి చెబితే మా ఆవిడ నావైపు అదోలా చూసింది. “వదిన మిషన్ కోసమే ఫోన్ చేస్తోందనుకుంటున్నారా మీరు?” అని అడిగింది. మరి దేనికోసం అన్నాను. లోపలికి వెళ్లిపోయింది. తెలియక కాదు, నేను వినిపించుకోనని తెలిసి.

అక్క నేర్చుకుంది. మొదటి ప్రశ్న చూసి వేదికలో అందరూ నవ్వారు. ‘అందరికీ నమస్కారం, నేను ఆసుపత్రిలో దుప్పట్లు కుడతాను, మా తమ్ముడు ఇక్కడే ఉంటాడు, చిన్నప్పటి నుంచీ చాలా తెలివైనవాడు’ అని మొదలుపెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. పదిహేను లైన్లను మూడు లైన్లు చేశాను. రెండో ప్రశ్నలో నా తెలివి ప్రస్తావన లేదు. మూడో ప్రశ్నకు నమస్కారం కూడా పోయింది. ఫోన్లు తగ్గాయి. వారానికి రెండుసార్లు చేసేది కాస్తా నెలకు ఒకసారైంది, అదీ మా ఆవిడకు. నేను దాన్ని గమనించలేదని చెప్పను. హాయిగా ఉందనుకున్నాను.

అలా రెండేళ్లు గడిచాక ఒక ప్రశ్న పెట్టింది. నేను సరిచేశాక అది ఇలా తయారైంది:

‘పొడవైన కుట్టు కుడివైపుకు వంకర పోతోంది. మిషన్: ఫ్యాక్టరీ రకం, ఒక సూదిది. గుడ్డ: కాటన్ దుప్పటి. చేసి చూసినవి: సూది మార్చాను, దారం మార్చాను, ఫుట్ బిగించాను, నూనె వేశాను. తేడా లేదు.’

చదువుకుంటే ముచ్చటేసింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నియమాల పేజీలో, అన్నిటికంటే పైన, ‘ప్రశ్న ఇలా అడగాలి’ అని దాన్ని నమూనాగా అతికించాను. మా అక్కే అని ఎవరికీ చెప్పలేదు కానీ లోపల కాలరెగరేశాను.

మంచి ప్రశ్నకు మంచి జవాబులు వస్తాయని నేనే ఊరంతా చాటేవాణ్ణి కదా. వచ్చాయి. పదకొండు. గుడ్డను ముందుకు లాగే పళ్లు అరిగి ఉంటాయని ఒకరు, ఫుట్ ఒక పక్కకు ఒరిగి ఉంటుందని ఒకరు, బెల్టు సాగిందని ఇంకొకరు. నేనూ ఒకటి రాశాను, ప్లేటు స్క్రూలు చూడమని. అక్క ఒక్కొక్కటే చేసింది. చేసిన ప్రతిసారీ కింద రాసింది: ‘పళ్లు మార్పించాను. తేడా లేదు.’ ‘బెల్టు మార్పించాను. తేడా లేదు.’ ఏడు నెలలు. ఆ మిషన్‌ను మూడుసార్లు పూర్తిగా విప్పించి బిగించారు. ఈలోగా కుట్టు విప్పి మళ్లీ కుట్టాల్సిన దుప్పట్లు గుట్టలు పడ్డాయి, సూపర్‌వైజరమ్మ ముఖం చిట్లించడం మొదలుపెట్టింది. ఇవి అక్క వేదికలో రాయలేదు. రాసినా నేను ఉంచేవాణ్ణి కాదు.

ఒక గురువారం ఇది కనపడింది: ‘చెప్పినవన్నీ చేశాను. సోమవారం నుంచి నన్ను మిషన్ తీసేసి మడత బల్లకు పంపుతున్నారు. ఇక ఈ ప్రశ్న మూసేయండి.’

మూసేయండి. సొంత తమ్ముణ్ణి పట్టుకుని ‘అండీ’ అంది. నియమం అలాగే ఉంది మరి. ఇరవై ఆరేళ్లు మిషన్ మీద కూర్చున్న మనిషిని, ఇతరులు కుట్టిన దుప్పట్లు మడతపెట్టమంటారా? ఎక్కడో ఒక స్క్రూ దగ్గర అందరూ పొరపడ్డారు, నేను వెళ్తే పది నిమిషాల్లో తేల్చేస్తాననుకున్నాను. సెలవు పెట్టి, పనిముట్ల పెట్టె పట్టుకుని, శనివారం రైలెక్కాను.

ఆదివారం పొద్దున్న స్టేషన్‌లో దిగేసరికి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది. వెళ్లి పక్కన నిలుచున్నాను. నావైపు చూడదే! ఎదురుగా వచ్చేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే వెతుక్కుంటోంది. భుజం తట్టితే ఉలిక్కిపడింది.

“ఏంటక్కా, తమ్ముణ్ణి కూడా మర్చిపోయావా?”

“ఎప్పుడొచ్చావురా నువ్వు? చూడనేలేదు” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తుంది.

వాచ్‌మన్ దగ్గర తాళాలు తీసుకుని గుడ్డల గది తెరిచాం. గోడ పొడవునా అరలు, అరల నిండా ఉతికిన దుప్పట్లు, గదంతా ఇస్త్రీ ఆవిరి వాసన. కిటికీ కింద అక్క మిషన్. లోపలికి వస్తూ ఆమె గుడ్డల బండి మూలకు తొడ కొట్టుకుంది, అబ్బా అనైనా అనలేదు, అలవాటైనట్టు. నేను పనిముట్లు పరిచి మిషన్ తల పైకెత్తాను. పళ్లు కొత్తవి. బెల్టు కొత్తది. ఫుట్ నిటారుగా ఉంది. ఒక పాత దుప్పటి పెట్టి కుట్టి చూశాను. నాది మెకానిక్ కుట్టు, అయినా తిన్నగా వచ్చింది. ఇంకో దుప్పటి కుట్టాను. అదీ తిన్నగానే వచ్చింది.

“అక్కా, మిషన్‌కేం లేదు.”

“లేదని నాకూ తెలుసు కదరా. మొదటి రోజే రాశాను.”

“ఎక్కడ రాశావు? అలాంటిదేం లేదందులో.”

“రాశాను. ఇస్త్రీ ఆవిడ సంగతి.”

“ఇస్త్రీ ఆవిడ సంగతి అసలు లేనే లేదక్కా. ఆ ప్రశ్న నాకు కంఠతా వచ్చు. నమూనాగా పెట్టింది నేనే.”

నిరూపిద్దామని ఫోన్ తీశాను. వాదనలో నెగ్గాలని, అంతే. మా వేదికలో ఏ ప్రశ్నను ఎవరు దిద్దినా మార్పుల చరిత్ర మిగిలి ఉంటుంది. అక్కడ నొక్కితే, కొట్టేసిన మాటలు ఎర్రగా, అడ్డగీతతో కనిపిస్తాయి. నొక్కాను. ఎరుపే ఎరుపు.

‘తమ్ముడూ, నీ నియమాలు చదివే రాస్తున్నాను, కోప్పడకు. దుప్పటి అంచు కుట్టు కుడివైపుకు వంకర పోతోంది. ఫ్యాక్టరీ రకం మిషన్, ఒక సూదిది. కాటన్ గుడ్డ. సూది మార్చాను, దారం మార్చాను, ఫుట్ బిగించాను, నూనె వేశాను. తేడా లేదు. మొన్న టీ తాగే వేళ మా ఇస్త్రీ ఆవిడ సరదాకి నా మిషన్ మీద కూర్చుంది, ఆవిడకు కుట్టు రాదు కదా, అయినా కుట్టు తిన్నగానే వచ్చింది, అందరం నవ్వుకున్నాం. ఈ మధ్య నాకు తలుపు రెక్కలు కూడా భుజానికి కొట్టుకుంటున్నాయి, వయసు కాబోలు. నీ ఆరోగ్యం జాగ్రత్త. అందరికీ ధన్యవాదాలు.’

ప్రశ్న దిద్దినప్పుడు కారణం రాయాలన్నది ఇంకో నియమం. కారణం అని ఉన్నచోట నేను రాసింది: ‘సోది తీసేశాను.’

పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. కుట్టు రానివాళ్లు కుడితే తిన్నగా వస్తోంది, ఇరవై ఆరేళ్లు కుట్టిన మనిషి కుడితే వంకర పోతోంది. ఫ్యాక్టరీలో నిన్నగాక మొన్న చేరినవాడికి ఈ మాట చెప్పినా, మిషన్ వదిలేసి మనిషిని చూడమంటాడు. తలుపు రెక్కల మాట ఒక్కటే చాలు. ఏం జరిగిందో చెప్పండి, ఏం చేసి చూశారో చెప్పండి అని అడిగింది నేను. ఆమె చెప్పింది. చెప్పిన పద్ధతి నచ్చక నేను కొట్టేశాను.

“మరి మళ్లీ ఎందుకు రాయలేదక్కా? ఒక్క ఫోన్ చెయ్యచ్చు కదా!”

అక్క నేను కుట్టిన దుప్పటి అంచు వేళ్లతో తడుముతూ ఉంది. “నువ్వు తీసేశావంటే అది పనికిరాని మాటే అనుకున్నాను రా. నీకు తెలియదా ఏంటి?” అంది. “మిషన్‌దే తప్పంటే నాకూ ధైర్యంగా ఉండేది” అని కూడా అంది.

కంటి విభాగం ఆ గుడ్డల గదికి సరిగ్గా పై అంతస్తు. అక్కడి మంచాల మీది దుప్పట్లు అక్క కుట్టినవే. సోమవారం పొద్దున్న ఇద్దరం మెట్లెక్కాం. తెల్లటి గిన్నెలాంటి మిషన్‌లో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. ఎదురుగా ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు చుక్క వస్తుంది, కనపడితే చేతిలో బటన్ నొక్కాలి. నేను వెనక నిలబడి, టెక్నీషియన్ ముందున్న తెర చూస్తున్నాను. చుక్క వస్తోంది. అక్క నొక్కడం లేదు. ఇంకో చుక్క వచ్చింది. నొక్కలేదు. నొక్కక్కా, నొక్కు అని లోపల్లోపల బతిమాలుకున్నాను. మెల్లగా తెర అంచులన్నీ నల్లబడ్డాయి. మధ్యలో గుప్పెడంత వెలుగు మిగిలింది.

కంట్లో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని చెప్పారు డాక్టరు. నీటికాసులు, గ్లాకోమా అంటారే అది. ఎడమ కన్ను ఎప్పుడో సగం పైగా పోయింది, ఇన్నాళ్లూ కుడి కన్ను దాన్ని కప్పిపుచ్చింది, ఇప్పుడు అదీ పోతోంది. నొప్పి ఉండదు, మధ్య చూపు బాగానే ఉంటుంది, పక్క చూపే ముందు పోతుంది. పోయినది ఇక తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టడానికి చుక్కల మందు వేసుకోవాలి, రోజూ, జీవితాంతం.

అంచుని కంటి కొసతో పట్టుకో అనేది అక్క. ఆ కొసే పోయింది.

“ఎప్పటినుంచమ్మా మీకిలా?” అని అడిగారు డాక్టరు.

అక్క చీర చెంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది. “ఏడున్నర నెలల నుంచండి. పొడుగు కుట్టు కుడివైపుకు పోతోంది. సూది, దారం, పళ్లు, బెల్టు మార్పించాను. తేడా లేదు. వేరేవాళ్లు కుడితే తిన్నగా వస్తోంది. తలుపులకీ బండికీ గుద్దుకుంటున్నాను, ఎక్కువగా ఎడమవైపు.”

డాక్టరు రాయడం ఆపి తలెత్తారు. “ఇంత స్పష్టంగా చెప్పేవాళ్లు రోజుకొక్కరు దొరికినా నా పని సగమవుతుంది” అన్నారు. ఆ తరువాత, “ఇంత తెలిసినవాళ్లు అప్పుడే ఎందుకు రాలేదమ్మా? అప్పుడైతే కుడి కన్ను ఇంకాస్త దక్కేది. కింది అంతస్తే కదా మీది, మెట్లెక్కితే చాలు!”

నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అక్క నావైపు తిరగనైనా తిరగలేదు.

“తీరిక లేదండి” అంది.

నా వల్లనండీ అని ఒక్క మాట నేను అనలేదు. మెట్లు దిగుతున్నప్పుడూ అనలేదు. మందుల చీటీ జేబులో పెట్టుకుని, ఆమె చెయ్యి పట్టుకుని దింపాను. ప్రతి మెట్టుకూ ముందు కాలితో తడిమి చూసుకుంది.

ఇప్పుడు మడత బల్ల దగ్గరే పని. అంచుకు అంచు వేళ్లతో కలిపి దుప్పట్లు మడతపెడుతుంది, అవీ స్కేలు పెట్టినట్టే ఉంటాయట. రోజూ సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి బయటికి రాగానే నేనే ఫోన్ చేస్తున్నాను. ఇస్త్రీ ఆవిడ కూతురి పరీక్షలు ఏమయ్యాయి అని అడుగుతాను. అక్క రెండు ముక్కల్లో చెప్పేస్తుంది. “పాసైంది రా. ఇంకేం లేదు. నీకు పనుంటుంది, పెట్టేస్తాను.” సాగదీయక్కా, నీకిష్టం వచ్చినంత సాగదీయి అని బతిమాలాలనిపిస్తుంది. అంత బాగా నేర్పాను ఆమెకు.

ఊరి నుంచి రాగానే ఆ ప్రశ్నను నమూనా చోటి నుంచి తీసేశాను. దిద్దకముందు ఎలా ఉందో అలాగే పెట్టాను, ధన్యవాదాలతో, నా ఆరోగ్యంతో సహా. నా సవరణ వల్ల ఏం జరిగిందో కింద అందరికీ తెలిసేలా రాశాను. ఆపైన పన్నెండో జవాబు రాశాను: ‘మిషన్‌లో లోపం లేదు. ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించుకోండి.’ మొదటి రోజే రాయాల్సిన రెండు లైన్లు. ఎవరైనా తిడతారని ఎదురుచూశాను. కత్తెర మాస్టారు ఎంత నిజాయితీపరులో అని నలుగురు మెచ్చుకున్నారు.

నాలుగో రోజు చూస్తే నా జవాబు పక్కన పచ్చ గుర్తు ఉంది. దాని కింద అక్క మాటలు:

‘ఆరో నియమం ప్రకారం గుర్తు పెట్టాను. ఎక్కడ నొక్కాలో కనపడక ఇస్త్రీ ఆవిడ చేత నొక్కించాను. ధన్యవాదాలు. ఇలా రాయకూడదని తెలుసు, తీసేయండి.’

ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచి చూశానో. ఆ మాటలు నేను ముట్టుకోలేదు. పచ్చ గుర్తు మాత్రం చూడలేకపోతున్నాను. కానీ దాన్ని ప్రశ్న అడిగినవాళ్లు తప్ప ఇంకెవరూ తీయడానికి వీల్లేదు. ఆ నియమం కూడా నేను పెట్టిందే.